అరంగుళం కారు, అయిదంగుళాల కొరత

అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఆయనకి ఉండే ఉంటుంది. పెళ్ళి శుభలేఖ మీద ఒక్కసారి అచ్చయింది, ఆ తర్వాత దానితో ఎవరికీ పని పడలేదు. వీధి మొత్తానికి ఆయన అరంగుళం. పిల్లలకి అరంగుళం మావయ్య, పెద్దవాళ్ళకి అరంగుళం గారు, బావమరిదికి మాత్రం "మా అరంగుళం బావ".

పటాలు కట్టడం ఆయన పని. ఇరవై రెండేళ్ళుగా అదే కొట్టు, అదే బల్ల, చొక్కా జేబులో అదే ఇనుప స్కేలు. ఆయన కలిపిన మూలలో వెంట్రుక కూడా దూరదు. ఒకసారి కొత్తగా పెళ్ళైన జంట ఫొటో ఇచ్చి వెళ్ళారు. పటం కట్టేశాక అద్దం అరంగుళం పొట్టిగా ఉన్నట్టు తోచింది ఆయనకి. విప్పాడు. మళ్ళీ కట్టాడు. మళ్ళీ విప్పాడు. ఆ జంట పటం కోసం వచ్చేసరికి ఆవిడ చంకలో పిల్ల ఉంది. ఆ పిల్ల పటం చూసి "మరి నేనేదీ?" అని నిలదీసిందని బావమరిది చెబుతాడు. చంకలో పిల్ల అంత మాటన్నదంటే నమ్మడం కష్టమే కానీ, గుక్కపట్టి ఏడ్చిన సంగతి వీధంతా విన్నది. పేరు పడింది ఆ రోజే.

అలాంటి మనిషికి నలభయ్యో ఏట స్పోర్ట్స్ కారు మీద మనసైంది. కొనుక్కునే కారు కాదు, కట్టుకునే కారు. ముక్కలన్నీ పెట్టెల్లో పెట్టి పంపిస్తారు, పుస్తకం చూసుకుంటూ మనమే బిగించుకోవాలి. "పటం కట్టినట్టే కదా, చక్రాలు నాలుగు ఎక్కువ, అంతే," అన్నాడు భార్యతో.

భార్య దర్జీ. ఆవిడ కుట్టిన జాకెట్టు వేసుకుంటే పదేళ్ళ పాటు ఒళ్ళు చేసినా మరో జాకెట్టు అక్కర్లేదని వీధిలో పేరు. ఎందుకంటే లోపల బట్ట ధారాళంగా వదులుతుంది. ఒళ్ళు పెరిగినప్పుడల్లా ఒక కుట్టు విప్పి మరో కుట్టు వేస్తుంది. ఇంటి పక్కనున్న షెడ్డులో మిషను పెట్టుకుందామని ఆవిడ గోడలకి సున్నం కూడా వేయించుకుంది. సున్నం ఆరకముందే పదకొండు పెట్టెలు దిగాయి.

"ఒక్క ఏడాది," అన్నాడు అరంగుళం.

ఆ ఏడాది ఏడేళ్ళు నడిచింది. మిషను పడకగదిలోనే ఉండిపోయింది. ఈ ఏడేళ్ళలో ఆయన వీపులోకి దిగిన గుండుసూదులన్నీ కరిగిస్తే ఇంకో ఇంజను పోత పోయొచ్చు.

ఆవిడ గొంతు పెంచే రకం కాదు. రెండు నెలల కిందట కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, నాలుగు ముక్కలు రాసి, భర్త ముందు పెట్టింది. ఈ నెల ఆఖరి ఆదివారం పొద్దు గూకే లోగా కారు తన సొంత బ్యాటరీతో, ఎవరూ తొయ్యకుండా షెడ్డులోంచి బయటికి రావాలి, రాకపోతే అమ్మెయ్యాలి. కాగితంలో ఉన్నదంతా ఇంతే. అరంగుళం సంతకం పెట్టాడు. పెట్టాక సంతకం గీత మీద తిన్నగా పడిందో లేదో స్కేలు ఆనించి చూసుకున్నాడు కూడా.

సొంత బ్యాటరీ అని ఆవిడ నొక్కి రాయడానికి కారణముంది. మూడొందల పన్నెండు పేజీల ఆ పుస్తకం ఆఖరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాలతో ఒక మాట ఉంది: బ్యాటరీ ఈ పెట్టెల్లో రాదు, తగినది మీరే చూసుకోండి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది. అందాకా ఇంజనుకి ఎప్పుడు ఊపిరి పొయ్యాలన్నా బావమరిది సరుకుల వ్యాను తెచ్చి పక్కన పెట్టేవాడు, దాని బ్యాటరీ నుంచి వైర్లు తగిలించేవారు.

"నా బండి పాలు తాగి పెరిగిన బిడ్డ బావా నీ కారు," అనేవాడు వాడు. "పెద్దయ్యాక నన్ను మర్చిపోదు కదా?"

బ్యాటరీ కొనడమంటే మామూలు మనుషులకి గంట పని. అరంగుళానికి అయిదు నెలలు పట్టింది. ముందు చోటు చూడాలి. పుస్తకం ఇంజను పక్కన పెట్టమంది. ఆయన ఒప్పుకోలేదు. నడిపేవాడు ఒక పక్క కూర్చుంటాడు, ఆ పక్క బరువు, రెండో పక్క తేలిక. కారు ఇంత తేలికదైనప్పుడు ఆ తేడా మలుపులో తెలుస్తుంది. అందుకని బ్యాటరీ పక్క సీటు వెనక ఉండాలన్నాడు. నాలుగు పేజీల లెక్క వేశాడు. తన బరువు, చెప్పుల బరువు, కళ్ళజోడు బరువు, ఆఖరికి జేబులో స్కేలు బరువు కూడా అందులో ఉన్నాయి.

తర్వాత అట్టముక్కలు కత్తిరించి, అతికించి, నల్లరంగు పూసి బ్యాటరీ సైజు పెట్టె ఒకటి చేశాడు. సీటు వెనక ఇనుప గూడు కట్టి, అట్టపెట్టెని అందులో దించి, ఎత్తి, దించి, మూడు నెలలు చూసుకున్నాడు. అట్టపెట్టె దిగితే గాలి బయటికి పోయే చప్పుడు వినపడాలి, అంత బిగువు. ఆ తర్వాత ఇంజను దగ్గరి నుంచి గూడు దాకా వేలు లావు ఎర్ర కేబులు పరిచాడు. దాన్ని కూడా పటం చట్రంలాగే పరిచాడు: తిన్నగా వచ్చి, మూల దగ్గర తొంభై డిగ్రీలు తిరిగి, మళ్ళీ తిన్నగా వచ్చి, మళ్ళీ తొంభై డిగ్రీలు తిరిగి, ప్లస్ ఉండాల్సిన చోట సరిగ్గా ఆగింది. అక్కడికక్కడ కోసి, చివర రాగి కప్పు బిగించేశాడు.

భార్య కాఫీ గ్లాసు అందిస్తూ చూసింది. "కాస్త వదులు ఉంచుకోకపోయారా?"

"ఇది జాకెట్టు కాదే. ఎవడైనా వదులు ఉంచాడంటే వాడికి తన కొలత మీద నమ్మకం లేదన్నమాట."

"ఆహా," అందావిడ. ఆవిడ 'ఆహా' అంటే దానికి చాలా అర్థాలున్నాయి. ఆయన ఇరవై ఏళ్ళుగా వాటిలో ఒక్కటే విన్నాడు.

ఆఖరి ఆదివారానికి ముందు రోజు, శనివారం సాయంత్రం, ముగ్గురూ బావమరిది వ్యానులో బ్యాటరీల కొట్టుకి వెళ్ళారు. అట్టపెట్టెని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు అరంగుళం. "బావా, మెడ పట్టుకో, నెలల పిల్ల," అన్నాడు బావమరిది.

కొట్టు పెద్దాయనకి డెబ్భై ఏళ్ళుంటాయి. యాసిడ్ చుక్కలు పడి ఆయన చొక్కా జల్లెడలా ఉంది. మొదట ఒక పెద్ద బ్యాటరీ చూపించాడు. లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. అరంగుళం తల అడ్డంగా ఊపి, తన నాలుగు పేజీల బరువు లెక్క ఆయన ముందు పరిచాడు. తర్వాత పందెం కార్లలో వాడేది చూపించాడు. టిఫిన్ డబ్బా అంత ఉంది, టిఫిన్ డబ్బా అంతే బరువు. అరంగుళం కళ్ళు మెరిశాయి.

"దీనికి చార్జరు వేరే కొనాలి," అన్నాడు పెద్దాయన. "పైగా ఇంత తేలికదైతే మీరు వేసిన బరువు లెక్క ఏమైపోతుంది బాబూ?"

నిజమే. నాలుగు పేజీలు వృథా అవుతాయి. అలా ఎవరూ వృథా చెయ్యలేరు.

మూడోది మధ్యరకం. మూత సీలు చేసింది, నీళ్ళు పొయ్యక్కర్లేదు, మనిషి కూర్చునే చోట పెట్టినా ఆవిరి గొడవ లేదు, చలిపొద్దున కూడా సెల్ఫ్ కొడితే ఇంజను తిప్పగలదు. అరంగుళం స్కేలు తీసి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు. తర్వాత అట్టపెట్టెని పక్కన పెట్టి చూశాడు. కవలపిల్లలు. కొట్టులో ఉన్న ఇంకో ఇద్దరు కొనుగోలుదారులు కూడా చేతులు కట్టుకుని చూశారు.

"ఇది రెండు రకాల్లో వస్తుంది," అన్నాడు పెద్దాయన. "ప్లస్ మీకు కుడిపక్క కావాలా, ఎడమపక్క కావాలా?"

"కుడి."

"రెండు టెర్మినళ్ళూ మనవైపు పెట్టుకుని చూస్తే కుడేనా?"

అరంగుళానికి ఆ ప్రశ్న కాస్త గుచ్చుకుంది. "కుడంటే కుడేనండీ. మూడు నెలలుగా రోజూ చూస్తున్న గూడు. నా చెయ్యి ఎటుందో నాకు తెలియదా?"

భార్య ఏదో అనబోయి ఆగింది. ఆవిడ వేరే సంగతి అడిగింది. "ఏవండీ, ఆ బరువు లెక్కలో కళ్ళజోడు కూడా వేశారుగా, పక్క సీటులో ఎవరు కూర్చుంటారని వేశారు?"

"ఎవరూ కూర్చోరని వేశాను. అందుకేగా బ్యాటరీ అక్కడ పెట్టింది."

"ఆహా," అందావిడ.

ఆదివారం పొద్దున్నే అరంగుళం స్నానం చేసి, వాచీ, ఉంగరం తీసేసి షెడ్డులోకి వెళ్ళాడు. లోహం తగిలి నిప్పు రేగకూడదని ఆ జాగ్రత్త. గూటి అడుగున రబ్బరు ముక్క పరిచాడు. బ్యాటరీని రెండు చేతులా ఎత్తి దించాడు. గాలి బయటికి పోయిన చప్పుడు వినపడింది. "విన్నావా?" అన్నాడు బావమరిదితో, కళ్ళలో నీళ్ళు ఒక్కటే తక్కువ.

పట్టీ బిగించాడు. ఎర్ర కేబులు అందుకుని ప్లస్ మీదికి లాగాడు.

కేబులు కుడిపక్కకి వచ్చి ఆగింది. ప్లస్ ఎడమపక్క ఉంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ప్లస్ అక్కడే ఉంది. బావమరిది కూడా వంగి చూశాడు. "బావా, ఇది కొన్నప్పుడు బానే ఉందే. దార్లో తిరిగిందంటావా?"

అరంగుళం నేలమీద కూర్చున్నాడు. ఎక్కడ తప్పిందో ఆయనకి అప్పుడు తట్టింది. పటం కట్టేవాడు బొమ్మని బోర్లా పడుకోబెట్టి పని చేస్తాడు. అద్దం, అట్ట, మేకులు, దారం, అన్నీ వెనకనుంచే. ఇరవై రెండేళ్ళుగా ఆయన లోకాన్ని వెనకవైపు నుంచి చూస్తున్నాడు. కారు దగ్గర కూడా అదే అలవాటు. ఎప్పుడూ వెనక నిలబడి, డిక్కీ మీదుగా వంగి గూటిలోకి చూశాడు. గూటిలో టెర్మినళ్ళు ఇంజను వైపు ఉండాలనుకున్నాడు, అంటే తనకి అవతల అంచున. అలా వెనకనుంచి చూస్తే కుడి అయినది, టెర్మినళ్ళు మనవైపు పెట్టుకుని చూసేవాడికి ఎడమ. పెద్దాయన అడిగింది సరిగ్గా అదే. అట్టపెట్టెకి టెర్మినళ్ళు పెట్టి ఉంటే కొట్టులోనే తెలిసేది. కళ్ళజోడు బరువు లెక్క వేసినవాడు దానికి రెండు సీసా మూతలు అతికించలేదు.

బావమరిది కొట్టు పెద్దాయనకి ఫోన్ చేశాడు. పెద్దాయన పొరుగూళ్ళో కూతురింట్లో ఉన్నాడు, తాళం ఆయన జేబులో ఉంది, రేపు గానీ రాడు.

"పోనీ తోసేద్దాం బావా. అక్కని లోపలికి పంపించి, నువ్వు నోటితో ఇంజను చప్పుడు చెయ్యి."

అరంగుళం నవ్వలేదు. ఏడేళ్ళు ఆ షెడ్డులో ఎలా గడిచాయో ఆయనకే తెలుసు. రోజంతా ఇతరుల ఫొటోలకి చట్రాలు కట్టి, సాయంత్రం ఇక్కడికొచ్చి ఒక్క బోల్టు బిగించుకుంటే ఆ రోజుకి ఒక అర్థం ఉండేది. పొద్దు గూకితే ఇది అమ్మకానికి పోతుంది. ఏడేళ్ళ పనికి అడ్డం, కుడినుంచి ఎడమకి చాలని ఎనిమిదంగుళాల కేబులు. ఎక్కువ వదిలి ఉంటే ఏ గొడవా లేదు. ఆ మాట ఎవరితోనూ అనలేడు, ముఖ్యంగా ఒక మనిషితో.

ఆ మనిషే కాఫీ గ్లాసుతో లోపలికి వచ్చింది. మెడలో టేపు, జాకెట్టుకి గుచ్చుకున్న నాలుగు సూదులు. తమ్ముడు సంగతంతా చెప్పాడు, కాస్త కల్పించి కూడా చెప్పాడు. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి గూటిలోకి వంగింది.

"తిప్పి పెట్టండి."

"తిప్పితే ప్లస్ కుడికే వస్తుంది. నాకు తెలుసు," అన్నాడు అరంగుళం నీరసంగా. "కానీ టెర్మినళ్ళు వెనక అంచుకి పోతాయి. కేబులు అయిదంగుళాలు తక్కువవుతుంది. కొలిచాను."

"మైనస్?"

"దానికేం, పక్కన ఛాసిస్ బోల్టు ఇంకోటి ఉంది. గొడవంతా ఎర్రదానితోనే."

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఎర్ర కేబులు వెంట వేలు నడిపించుకుంటూ వెళ్ళింది. మొదటి మూల దగ్గర ఆగింది. రెండో మూల దగ్గర ఆగింది. పాత గౌను తెచ్చి వదులు చెయ్యమన్నప్పుడు అంచు తిరగేసి చూసే చూపు అది.

"ఈ మడతలెందుకు?"

"మడతలు కాదవి, మూలలు. తొంభై డిగ్రీలు. చూడు ఎంత అందంగా..."

"వీటిని విప్పి వాలుగా లాగితే?"

అరంగుళం మూలల మీదికి వంగాడు. జేబులోంచి స్కేలు తీశాడు. ఒక మూల ఏటవాలుగా లాగితే మూడంగుళాలు కలిసొస్తుంది. రెండో మూల మరో మూడు. మొత్తం ఆరు. కావలసింది అయిదు.

"ఆరొస్తుంది," అన్నాడు, స్కేలు మళ్ళీ ఆనించి చూసుకుంటూ.

"ఒకటి లోపలికి వదిలేద్దాం," అందావిడ.

బావమరిది ఆవిణ్ణి పక్కకి లాగాడు. లాగినా వాడి గుసగుస రెండిళ్ళ అవతలికి వినపడుతుంది. "అక్కా, నీకేం పుట్టింది? సాయంత్రం దాకా నోరు మూసుకుంటే షెడ్డు నీది. ఏడేళ్ళ నుంచి ఎదురు చూస్తున్నావు!"

"సరిపోని బట్ట కళ్ళముందు ఉంటే నాకు నిద్ర పట్టదురా," అందావిడ.

క్లిప్పులు విప్పారు. కేబులు వాలుగా లాగితే అది ఒక చోట ఇనుప అంచు మీదుగా పోతోంది. కారు అదిరినప్పుడల్లా రాసుకుని పై తొడుగు అరిగితే, ఆ ఎరుపు లోపలి రాగి ఇనుముకి తగిలితే, ఇక దీపం వెలిగించక్కర్లేదు. ఆవిడ లోపలికి వెళ్ళి, ఎవరిదో పాత చేతిసంచి తోలు ముక్క తెచ్చి, దబ్బనం పెట్టి కేబులు చుట్టూ తొడుగు కుట్టేసింది. రెండు వరసల కుట్టు. కేబులుకి కూడా జాకెట్టు తొడిగిన మనిషి ఆవిడే అయి ఉంటుంది. కొత్త చోట్ల క్లిప్పులు వేసి అరంగుళం గట్టిగా బిగించాడు. మూల కాని చోట తన చేత్తో వాలుగా ఒక గీత వేయడం జీవితంలో అదే మొదలు. రెండుసార్లు అలవాటు కొద్దీ చెయ్యి తిన్నగా పోయింది, రెండుసార్లూ ఆవిడ మణికట్టు మీద టేపుతో ఒక్కటేసింది.

బ్యాటరీ తిప్పి దించారు. ముందు ప్లస్, తర్వాత మైనస్. రెండింటికీ గ్రీజు. పట్టీ. అప్పటికి మధ్యాహ్నం మూడైంది, కాఫీ చల్లారి పాలమీగడ కట్టింది.

అరంగుళం సీట్లో కూర్చుని తాళం పట్టుకుని ఆగాడు. బావమరిది చెవులు మూసుకున్నాడు. తాళం తిప్పాడు.

ఆ ఇంజను ఎలా పలికిందంటే, మూడు వీధుల కాకులు ఒక్కసారి లేచి, ఆ రాత్రి వేరే వీధిలో పడుకున్నాయి. ఎదురింటి ముసలాయన చెవుడు పోయిందని కొందరు, కొత్తగా వచ్చిందని కొందరు అన్నారు. షెడ్డు గోడ మీద ఏడేళ్ళ నాటి సున్నం పెచ్చులూడి అరంగుళం నెత్తిన రాలింది. ఆయన దులుపుకోలేదు.

కదలబోతుంటే పక్క తలుపు తెరుచుకుంది. భార్య చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ పక్క సీట్లో దిగబడింది.

"నువ్వు..." అన్నాడు.

"నేనే. నా బరువు లెక్కలో లేదని తెలుసు. పదండి."

కారు షెడ్డులోంచి తన కాళ్ళ మీద తాను బయటికొచ్చింది. బావమరిది గేటు దగ్గర నిలబడి వ్యాను హారన్ మోగించినట్టు నోటితో మోగించాడు. వీధి చివరి మలుపులో కారు ఏ పక్కకీ ఒరగలేదు. అరంగుళం ఆశ్చర్యపోయాడు. ఆ నాలుగు పేజీల లెక్కలో ఎక్కడో ఇంకో తప్పు ఉండి, రెండు తప్పులూ కలిసి ఒప్పయ్యాయేమో. పైకి మాత్రం, "చూశావా, లెక్క అంటే ఇదీ," అన్నాడు.

"ఆహా," అందావిడ, గాలికి ఎగిరే జుట్టు పట్టుకుని నవ్వుతూ. ఈసారి ఆయనకి దానిలో రెండో అర్థం కూడా వినపడింది.

నాలుగు వీధులు తిరిగి వచ్చేసరికి షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల సరిగ్గా మధ్యలో కుట్టుమిషను ఉంది. పక్కన స్టూలు, దారపు ఉండల డబ్బా, ఇస్త్రీ బల్ల. కారెక్కే ముందు అక్క చెప్పిన పని ముగించి, బావమరిది చెమట తుడుచుకుంటూ, బావ కళ్ళలోకి చూడకుండా గోడకేసి చూస్తున్నాడు.

"ఇదేంటే?" అన్నాడు అరంగుళం.

ఆవిడ నడుం దగ్గర దోపుకున్న కాగితం తీసి చేతికిచ్చింది. "కారు బయటికి రావాలని రాసుకున్నాం. వచ్చింది. అమ్మక్కర్లేదు. మళ్ళీ లోపలికి పోవాలని ఎక్కడుందో చూపించండి."

ఆయన కాగితం తిప్పి తిప్పి చూశాడు. వెనకవైపు నుంచి కూడా చూశాడు. ఎక్కడా లేదు.

"మరి వాన పడితే?"

ఆవిడ మిషను కిందనుంచి ఒక మూట లాగి విప్పింది. మందపాటి నీలం టార్పాలిన్ గుడ్డ, అంచుల్లో ఎలాస్టిక్, అద్దాల దగ్గర చెవుల్లా సంచులు. కారుకి తొడుగు. ఎప్పుడు కుట్టిందో ఏమో, ఆయన షెడ్డులో ఉన్న రోజుల్లో పడకగదిలో మిషను అంతసేపు ఎందుకు నడిచేదో ఇప్పుడు తెలిసింది. ముగ్గురూ కలిసి కారు మీద పరిచారు. అరంగుళం స్కేలు తీసి చుట్టూ తిరిగి కొలిచాడు.

"నాలుగంగుళాలు ఎక్కువైంది. నాలుగు పక్కలా."

"ఎక్కువ కాదు, వదిలింది. రేపు దీనికి ఇంకేం తగిలిస్తారో ఎవరికి తెలుసు?"

ఆయన స్కేలు జేబులో పెట్టుకున్నాడు. షెడ్డులోకి వెళ్ళి, మిషను గోడకి అరంగుళం వంకరగా ఉందని గొణుక్కుంటూ బల్ల జరపడం మొదలుపెట్టాడు. జరుపుతూ జరుపుతూ కిటికీ వైపు చూశాడు.

"నీకు వెలుతురు ఎటునుంచి రావాలే? కుడినుంచా, ఎడమనుంచా?"

"ఎటు నిలబడి చూస్తే?" అందావిడ.